వాగు ఒడ్డున ఎర్రదీపం

మహానగరానికీ దాని చుట్టూ ఉన్న పల్లెలకూ రాబడిలో తేడా మరీ ఎక్కువైపోయిందని ప్రభుత్వానికి ఒకనాడు బాధ కలిగింది. మనకు బాధ కలిగితే నిట్టూరుస్తాం. ప్రభుత్వానికి కలిగితే ఒక సంస్థ పుడుతుంది. అలా పుట్టినదే మహానగర పరిసర సమతుల్యాభివృద్ధి ప్రాధికార సంస్థ. పల్లెల బాగు కోసం పుట్టిన ఆ సంస్థకు తొమ్మిదంతస్తుల మేడను మహానగరం నడిబొడ్డున కట్టారు. పల్లెలో కడితే లిఫ్టు బాగుచేసేవాడు దొరకడని ఇంజనీర్లు చెప్పారు, ఆ మాటా నిజమే.

సంస్థవారు పేరున్న సలహాదారుల్ని రప్పించారు. వాళ్లు ఏడాదిపాటు నగరాన్నీ పల్లెల్నీ తిరిగి చూసి, కళ్లు తెరిపించే నిజం ఒకటి కనిపెట్టారు. డబ్బున్న చోటల్లా ట్రాఫిక్ జామ్ ఉంది. డబ్బులేని చోట ఒక్కచోట కూడా లేదు. కాబట్టి పల్లెల్లో కొరవడింది జామ్. గొడుగులు ఎక్కువగా తెరిచిన చోట వాన పడుతోందని గమనించి, కరువు జిల్లాలకు గొడుగులు పంచుదామన్నంత తేట తెల్లమైన ఆలోచన. అందరూ చప్పట్లు కొట్టారు. ఆనాటి నుంచి ఏ ఊరు ఎంత ఎదిగిందో కొలవడానికి ‘రద్దీ సూచీ’ వచ్చింది. సూచీ పెరిగిన ఊరికి నిధులు, పెరగని ఊరికి హితవచనాలు.

ఈ సంగతి తెలియక, కొంగలగూడెం సర్పంచ్ అండాలు తన ఊరి వాగు మీద వంతెన కావాలని అర్జీ పెట్టుకుంది.

కొంగలగూడేనికి బర్రెలే ఆధారం. పొలాలు ఉన్నా నీళ్లు లేవు. తెల్లవారేసరికి ఇంటింటా పాలు పితికి క్యాన్లలో పోస్తే, జహంగీర్ తన పాల బండిలో వచ్చి పట్నానికి తీసుకుపోతాడు. పట్నానికి ఉన్న ఒక్క రోడ్డూ కొంగలవాగులో దిగి, తడిసి, అవతల ఎక్కుతుంది. వానాకాలం వాగు వచ్చిందంటే బండి అవతలే, పాలు ఇవతలే. మధ్యాహ్నానికి పాలు విరిగిపోతే ఒడ్డునే పారబోసి ఖాళీ క్యాన్లతో ఇళ్లకు తిరిగి రావాలి.

"వాగుల పోసినన్ని పాలు పాముల పుట్టల పోస్తే పుణ్యమన్న దక్కు" అనేది ఊళ్లో పెద్దావిడ బాలవ్వ. బాలవ్వ నోటికి తాళం లేదు. నిజం కనబడితే ఆమె చెప్పకుండా ఉండలేదు.

వానాకాలం నడుమ ఒకరోజు జహంగీర్ మొహమాటపడుతూనే అండాలుకు చెప్పాడు. "అక్కా, నన్ను తిట్టకు. వచ్చే యేడు గుడ గిట్లనే అయితే డైరీవాళ్లు ఈ రూటు బంద్ జేస్తరంట. రోజూ అచ్చి ఖాళీగ మర్రిపోవుడు ఎన్నిసార్లని?"

ఆ రూటు ఆగితే బర్రెల్ని అమ్ముకోవడమే. బర్రెల్ని అమ్ముకున్నాక ఊళ్లో ఉండి చేసేది లేదు. అండాలుకు ఆ రాత్రి అన్నం సయించలేదు. వంతెన తెస్తానని చెప్పే ఓట్లడిగింది మరి. అందుకే అర్జీ. దానికి జవాబు త్వరగానే వచ్చింది: ‘మీ గ్రామ రద్దీ సూచీ శూన్యము. రద్దీ లేని చోట దాటవలసిన అవసరము ఉత్పన్నము కాదు.’

అండాలు చీర కొంగు బిగించి పట్నం బయలుదేరింది. సంస్థ తొమ్మిదో అంతస్తుకు చేరేసరికి పొద్దు వాలింది. అక్కడ డిప్యూటీ డైరెక్టర్ పరాంకుశం గారు ఆమెకోసం పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నారు. మంచి మనిషి. ఎవరికీ కీడు తలపెట్టరు. సంస్థ నమ్మినదాన్నల్లా ఆయన నిష్ఠగా నమ్ముతారు, అదొక్కటే ఆయనతో వచ్చిన చిక్కు.

"మాఫ్ జెయ్యుర్రి సారూ, ఆల్చమైంది. మా ఊరికెల్లి పట్నం పొలిమేరకు గంటల వచ్చిన. పొలిమేరకెల్లి మీ ఆఫీసుకు నాలుగు గంటలు పట్టింది."

పరాంకుశం గారి ముఖం వెలిగిపోయింది. "నాలుగా! పోయినేడాది మూడే!" పక్కగదిలో ఉన్నవాళ్లని పిలిచి ఆ మాట చెప్పారు. వాళ్లూ ఒకరికొకరు చేతులు కలుపుకున్నారు. ఏదో శుభవార్త చెప్పినందుకు అండాలుకు టీ తెప్పించారు.

టీ ఒక గుక్క తాగి ఆమె కప్పు కింద పెట్టింది. పరాంకుశం గారు నొచ్చుకున్నారు. "వర్షరుతువులో మా టీ ఇలా పొడిపాల రుచి వస్తుందమ్మా. ఇంట్లోనూ ఇంతే. హేతువు అంతుపట్టక ఒక ఉపసంఘం వేశాం."

"పాలు మా వాగు కాడ ఆగుతున్నయి సారూ. అందుకే బ్రిడ్జి అడగవడితి."

పరాంకుశం గారు కంగారుగా చెయ్యెత్తారు. "ఆ మాట అనకండి! పాలు పాడిపరిశ్రమ శాఖవారి పరిధి. వాగు నీటిపారుదల శాఖవారి పరిధి. వాగు అన్న పదం చెవిని పడితే నేను ఈ ఫైలును వారికి బదలాయించవలసి ఉంటుంది."

అండాలు గతుక్కుమంది. ఆమె మామ సర్పంచ్‌గా ఉన్నప్పుడు పెట్టిన అర్జీ ఆ శాఖలోనే ఉంది. మామ పోయాడు, అర్జీ పోలేదు. "అన్లేదు సారూ, నేనేమన్లే" అంది.

"నేనూ వినలేదు" అన్నారు పరాంకుశం గారు దయగా. "మీ గ్రామాన్ని నిరాశపరచను. ప్రేరిత రద్దీ పథకం కింద మీకు ఒక సిగ్నల్ స్తంభం మంజూరు చేస్తున్నాను. ముందు ఆగడం నేర్చుకోండి. ముందుకు పోవడం దానంతటదే వస్తుంది."

వంతెనకు వెళ్లిన మనిషి దీపస్తంభంతో తిరిగొచ్చింది. ఊరి నడుమ మూడు బాటలు కలిసేచోట దాన్ని పాతారు. మూడు రంగుల దీపాలు, పైన బళ్లను లెక్కపెట్టే కెమెరా. ఊళ్లో ఉన్నవి రెండు ఆటోలు, అండాలు భర్త నర్సింలు ట్రాక్టరు, కొన్ని మోటారు సైకిళ్లు. మొదటిరోజు ఎర్రదీపం వెలిగితే నడిచేవాళ్లు కూడా నిలబడిపోయారు. బాలవ్వ స్తంభానికి పసుపురాసి కుంకుమ బొట్టు పెట్టి, "సల్లంగ సూడు తల్లీ" అని దండం పెట్టుకుంది. అదే సమయానికి పచ్చదీపం వెలగడంతో అందరికీ నమ్మకం కుదిరింది.

నాలుగు రోజులకల్లా ఒకడు స్తంభం పక్కన మిరపకాయ బజ్జీల పొయ్యి పెట్టాడు. ఇంకొకామె జామకాయలు గంపలో పెట్టుకుని, ఇంటింటా జామచెట్టు ఉన్న ఊళ్లో, ఆగిన వాళ్లకు అమ్మసాగింది. తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు ‘అసంఘటిత రంగ ఆవిర్భావము’ అని రాసుకుని రెండు బజ్జీలు తిన్నారు.

బర్రెలతోనే పేచీ వచ్చింది. సాయంత్రం మేతనుంచి తిరిగొచ్చే బర్రెలు ఎర్రదీపాన్ని ఖాతరు చేసేవి కావు. పౌరచైతన్యం కొరవడిందని సంస్థ ఒక అవగాహన సదస్సు ఏర్పాటు చేసి, ఉల్లంఘించినవారు విధిగా హాజరు కావాలంది. సరేనని నర్సింలు బర్రెల్ని తోలుకొచ్చి కట్టేశాడు. వక్త గారి ఉపన్యాసం పూర్తయ్యేదాకా అవి నెమరు వేస్తూ కదలకుండా కూర్చున్నాయి. అధికారులే మధ్యలో లేచి వెళ్లిపోయారు.

ఎంత చేసినా కొంగలగూడెం సూచీ ఒకటి దాటలేదు. పక్క ఊరు ముచ్చర్లపల్లివాళ్లు గడుసువాళ్లు. పెళ్లి మీద పెళ్లి పెట్టుకుని, వచ్చిన బళ్లన్నిటినీ సిగ్నల్ దగ్గర నిలిపి సూచీ ఐదుకు తెచ్చుకున్నారు. మెచ్చి సంస్థ వాళ్లకు నాలుగంతస్తుల పార్కింగ్ భవనం కట్టించింది. ఇప్పుడు కింది అంతస్తులో ట్రాక్టరు, పై మూడింటిలో వరిగడ్డి.

"మీ పనితీరు ఆందోళనకరంగా ఉంది" అన్నారు పరాంకుశం గారు మరోసారి వచ్చినప్పుడు. "ముచ్చర్లపల్లిని చూసైనా ప్రేరణ పొందాలి. వాళ్లు తొమ్మిదికి చేరితే ఏమవుతుందో తెలుసా? ఫ్లైఓవర్! దానంతటదే మంజూరైపోతుంది. నా సంతకం కూడా అక్కర్లేదు."

అండాలు చేతిలోని గడ్డిమోపు అలాగే ఉండిపోయింది. "ఫ్లైఓవరంటే... రోడ్డు మీదికెల్లి రోడ్డా సారూ?"

"ఆటంకం మీదుగా సాగే ఊర్ధ్వమార్గం."

"యాడ గడతరు?"

"జామ్ ఎక్కడైతే అక్కడ."

"జామ్ ఎందుకైందని అడగరా?"

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "కారణాలకు మా సూచీలో చోటు లేదమ్మా. కారణాలు వెతుక్కుంటూ కూర్చుంటే అభివృద్ధి ఎప్పుడు చేస్తాం?"

ఆయన కారు వెళ్లిపోయాక అండాలు గడ్డిమోపు అక్కడే పడేసి నర్సింలు దగ్గరికి పరుగెత్తింది. "ఏమయ్యా, మనకు జామ్ లేదని ఎవడన్నడు? వానకాలమంత మన జనం యాడ నిలవడుతున్నరు?"

నర్సింలు బీడీ తీసి ఆలోచించాడు. "వాగు కాడ."

"మరి దీపమేమో ఈడ పెట్టిరి. జామ్ దిక్కు జామ్ ఉన్నది, దీపం దిక్కు దీపం ఉన్నది."

నర్సింలు బీడీ ముట్టించడం మరిచిపోయి భార్య ముఖంలోకి చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఆమెను అంత మెచ్చుకోలుగా చూడటం అదే మొదటిసారి.

పంచాయతీ కూర్చుంది. ఊరు ఎదుగుతోంది కాబట్టి ఊరి నడిబొడ్డు కూడా జరగాలని, ఇకమీదట అది వాగు అవతలి ఒడ్డున, పొలిమేర రాయి దగ్గర ఉంటుందని తీర్మానించింది. ‘వాగు’ అన్న మాట లేకుండా ‘తూర్పు దిగువ ప్రాంతము’ అని రాయించింది అండాలు. సంస్థ ఈ చొరవను ‘జంక్షన్ హేతుబద్ధీకరణ’ అని మెచ్చుకుని, స్తంభాన్ని పీకించి అక్కడ పాతించింది. బాలవ్వ మళ్లీ వెళ్లి బొట్టు పెట్టింది. బజ్జీల పొయ్యి కూడా వెంట వెళ్లింది.

తరువాత అందరూ ఆకాశం వైపు చూశారు. ఏటా వాన రావద్దని మొక్కే ఊరు ఆ ఏడు రమ్మని మొక్కింది.

వాన మంచి సమయం చూసుకునే వచ్చింది. ఆ రోజు అవతల మండలంలో సంత. పరాంకుశం గారి తనిఖీ కూడా ఆ రోజే. అండాలు తెల్లవారుజామునే, మోకాళ్ల లోతు ఉండగానే, వాగు దాటి స్తంభం దగ్గర నిలబడింది. కాసేపటికి కొంగలవాగు ఎర్రటి నీళ్లతో ఒడ్డులు ఒరుసుకుంటూ వచ్చేసింది. సంతనుంచి తిరిగొచ్చే ఆటోలు, ట్రాక్టర్లు, కోళ్లగంపలు కట్టిన మోటారు సైకిళ్లు, వాగు దాటి పోవలసిన బస్సు, ఇటుకల లారీ, ఖాళీ క్యాన్లతో జహంగీర్ బండి, అన్నీ ఒకదాని వెనక ఒకటి చేరాయి. వరస చివర ఎక్కడుందో కనబడలేదు.

వాగుకు ఆవల, ఊరివైపు ఒడ్డున, నిండు క్యాన్లు వరసగా కనబడుతున్నాయి. వాటి పక్కన తడుస్తూ నర్సింలు, ఊరివాళ్లు. ఆ పాలు ఈరోజు దక్కవని అండాలుకు తెలుసు. ఈ ఒక్కరోజు పోతే పోనీ, ఈ మనిషి సరిగ్గా చూసిపోతే చాలు అనుకుంది.

పరాంకుశం గారి కారు వరస చివర్న ఇరుక్కుపోయింది. ఆయన గొడుగు వేసుకుని, ప్యాంటు పైకి మడిచి, బళ్ల మధ్య నుంచి మురిసిపోతూ నడిచి వచ్చారు. "సర్పంచ్ గారూ! ఇది కలా నిజమా! నా కారు గంట నుంచి అంగుళం కదల్లేదు!"

ఎర్రదీపం ఆరి పచ్చదీపం వెలిగింది. ఒక్క బండీ కదల్లేదు. హారన్లు మాత్రం మోగాయి. పరాంకుశం గారు గొడుగు పక్కకు దించి దీపం వంక తేరిపార చూశారు.

"పచ్చదీపం ఇచ్చినా కదలడం లేదు! చూశారా? పచ్చదీపానికీ కదలకపోవడమన్నది మహానగరంలోనే సాధ్యమని ఇన్నాళ్లూ అనుకున్నాం!"

ఆయన ముందుకు నడిచి నీళ్ల అంచున ఆగారు. "ఓహో, రోడ్డు మీద నీళ్లు కూడా నిలిచాయి! డ్రైనేజీ పొంగిందన్నమాట. సంపూర్ణ నగర లక్షణం!"

సంతనుంచి వస్తూ అక్కడే చిక్కుకుపోయిన బాలవ్వ ఆ మాట విని ఉండలేకపోయింది. "నిలుసుడేంది బిడ్డా, పారవట్టె. గిది మా కొంగల..."

అండాలు చటుక్కున ముందుకు దూకింది. పొయ్యిమీద నుంచి ఒక బజ్జీ తీసి బాలవ్వ నోట్లో పెట్టేసింది. "తిను అవ్వా, పొద్దటికెల్లి ఏం తిన్లేవు." బజ్జీ వేడి వేడిగా ఉండటంతో నిజం కాసేపు ఆగిపోయింది.

"ఏమంటోంది ఆ పెద్దావిడ?"

"కొంగలు మస్తుగ ఉన్నయంటున్నది సారూ."

నిజంగానే ఒడ్డున రెండు కొంగలు నిలబడి ఉన్నాయి. పరాంకుశం గారు తల ఊపి, కలం తీసి, "అది సరే. ఈ నీరు ఎక్కడినుంచి వస్తోంది?" అని అడిగారు.

జహంగీర్ బండి దిగి వచ్చి నిలబడ్డాడు. ఊరంతా ఆ ఒక్క పదాన్ని నాలుక కింద నొక్కిపెట్టుకుని ఉంది. సర్కారు కాగితం మీదికెక్కే అబద్ధం అండాలు జన్మలో ఆడి ఎరగదు. ఆడదలచుకోనూ లేదు. వాన కురుస్తున్న ఆకాశం వైపు చెయ్యి చూపించింది.

"మీదికెల్లి సారూ."

"వర్షపు నీరు" అని రాసుకున్నారు పరాంకుశం గారు. అవతలి ఒడ్డున నర్సింలు ఎందుకో తెలియకుండానే చెయ్యి ఊపాడు.

కెమెరా లెక్క తేలేసరికి సాయంత్రమైంది. పరాంకుశం గారు రెండుసార్లు చూసి కళ్లజోడు తుడుచుకున్నారు. "పదకొండు! మహానగరానికే పది ఉంది! సర్పంచ్ గారూ, మీరు నగరాన్ని దాటిపోయారు."

"దాటితే మంచిదేనా సారూ?"

ఆయన ముఖం గంభీరమైంది. "చాలా తీవ్రమైన విషయం. తేడా లేకుండా చేయడం మా సంస్థ ధ్యేయం. మీరు ఇలా మితిమీరి ఎదిగితే నగర ప్రజలు ఏమైపోవాలి? ఫ్లైఓవర్ వెంటనే వేసి, ఎలాగైనా మిమ్మల్ని నగరం స్థాయికి దించాలి."

"దించుర్రి సారూ, మీ దయ" అని చేతులు జోడించింది అండాలు.

మామ అర్జీ పెట్టిన నాటి నుంచి పంతొమ్మిదేళ్లు కదలని పని తరువాతి వానాకాలం రాకముందే పూర్తయింది. నగరం నమూనాలోనే కట్టారు కాబట్టి దిగువన స్తంభాల మధ్య బాటసారులు కూర్చోవడానికి సిమెంటు బెంచీలు కూడా వేశారు. వాగు వచ్చాక వాటి మీద కొంగలు కూర్చుంటున్నాయి.

మొదటి పెద్దవాన నాడు ఊరంతా అక్కడికి వచ్చింది. కింద వాగు ఉరకలు వేస్తుంటే పైన జహంగీర్ బండి నిండు క్యాన్లతో హారన్ కొడుతూ వెళ్లిపోయింది. అంతే, ఒక బండి ఇటునుంచి అటు వెళ్లింది. కానీ అండాలుకు ఏడుపు ఆగలేదు. మామ గుర్తొచ్చాడు, పారబోసిన పాలన్నీ గుర్తొచ్చాయి. బాలవ్వ ఆమె భుజం తట్టి, "ఇగ చెప్పనా, గిది వాగని?" అని అడిగింది.

"చెప్పవ్వా. గిప్పుడు ఒర్రి చెప్పు."

బాలవ్వ పిట్టగోడ పట్టుకుని గొంతెత్తి అరిచింది. ఎవరూ వచ్చి వంతెన తీసుకుపోలేదు.

అంతటితో అయిపోలేదు. ఫ్లైఓవర్ కింద నీళ్లు నిలుస్తున్నాయన్న నివేదిక సంస్థలో చేతులు మారి మారి, ‘ముంపు నివారణ దళం’ వారిని కదిలించింది. వాళ్లు పెద్ద పెద్ద మోటార్లు తెచ్చి వాగును తోడెయ్యడం మొదలుపెట్టారు. తోడిన నీళ్లు ఎక్కడ పొయ్యాలని అడిగితే అండాలు పొలాలు చూపించింది. ఎంత తోడినా తగ్గడం లేదని దళంవారికి దిగులు. తగ్గేదాకా ఊరు వదలబోమని వాళ్ల పట్టుదల. ఆ ఏడు కొంగలగూడెంలో ముసలివాళ్లు కూడా ఎరగనంత వరి పండేలా ఉంది. అండాలు రోజూ దళంవారికి మజ్జిగ పంపి, ధైర్యం చెప్పి వస్తోంది.

ఇప్పుడు ఊళ్లో బడి కప్పు కారుతోంది. అది నగరానికి వచ్చే జబ్బుల్లో ఏ జబ్బు కిందికి వస్తుందా అని అండాలు ఆలోచిస్తుండగా ఒకరోజు ఫోన్ మోగింది. పరాంకుశం గారు.

"సర్పంచ్ గారూ, ఫ్లైఓవర్ కట్టించాం కదా, ఇవాళ మా ఇంటికి పాలెందుకు రాలేదు? ఆఫీసులో మళ్లీ పొడిపాల టీయే ఇచ్చారు. మీ దగ్గరేమైనా ఆటంకమా?"

అండాలు ఆయన్ను ఉండమని, నర్సింలు ఫోన్ నుంచి జహంగీర్‌ను అడిగి కనుక్కుని, మళ్లీ అందుకుంది.

"మా కాడ ఏమ్ లేదు సారూ. పాలు మా వాగును రెండు నిమిషాలల్ల దాటినయి. పట్నం పొలిమేర కాడ మీ అభివృద్ధిల చిక్కుకున్నయి. జహంగీర్ బండిల కూసోని ఏడుస్తుండు, ఇగ విరిగిపోతయని."

"వాగు" అన్న మాట ఆయన చెవిన పడనే లేదు. అవతల టీ కప్పు కింద పెట్టిన చప్పుడైంది. ఆయన తన పాలకోసం బాధపడుతున్నారని అండాలుకు జాలేసింది.

"ఎంతసేపటి నుంచి ఆగిందట?" అన్నారు పరాంకుశం గారు మెల్లగా.

"అయిదు గంటలైందట సారూ."

"అయిదా!" అన్న కేకకు అండాలు ఫోన్ చెవికి దూరంగా పట్టుకుంది. "పోయినేడాది నాలుగే!"